బ్యాగులో మడతకత్తి: నా బ్యాచ్‌లో జరిగిన ఒక కేసు

వినాయక నిమజ్జనం వారంలో ఒక సాయంత్రం, ఆరున్నర దాటాక ఫోన్ మోగింది. "మాస్టారూ, మెట్రో స్టేషన్‌లో ఆపేశారు. బ్యాగులో కత్తి ఉందంట. మీరొకసారి మాట్లాడతారా?" గొంతు వణుకుతోంది. ఏం కత్తి అని అడిగాను. "కరాంబిట్" అన్నాడు. ఐదు నెలల క్రితం దాకా ఆ మాటే తెలియనివాడు. దాన్ని అతనికి పరిచయం చేసింది నేనే.

నేను హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా కరాటేతో పాటు ఫిలిప్పీన్స్ విద్య ఎస్క్రిమా నేర్పుతున్నాను. మన కర్రసాము తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు: కర్రతో మొదలై కత్తికి, కత్తి నుంచి ఉత్త చేతులకు వస్తుంది. కత్తి దాడి నుంచి తప్పించుకోవడం నేర్పాలంటే ముందు కత్తి ఎలా కదులుతుందో నేర్పాలి. చిక్కంతా అక్కడే ఉంది. ఈ కేసు రాస్తానంటే ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు. అతన్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. నా తప్పులు మాత్రం మార్చలేదు.

మనిషి, నేపథ్యం

వయసు 26. నెల్లూరు వైపు నుంచి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఉద్యోగం, నైట్ షిఫ్ట్. తెల్లవారుజామున మూడింటికి బైకు మీద గదికి చేరేవాడు. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఇద్దరు కుర్రాళ్లు స్కూటీ మీద పక్కకొచ్చి చేతిలోని ఫోన్ లాగారు. ఫోన్ పోలేదు, కింద పడి పగిలిందంతే. వాళ్లలో వెనక కూర్చున్నవాడి చేతిలో ఏదో మెరిసిందని ఇతను అంటాడు. అది కత్తో, కీచైనో ఇప్పటికీ తెలియదు. కానీ ఆ మెరుపు మాత్రం మనసులోంచి పోలేదు.

ఆ తర్వాతి వారం నా దగ్గర చేరాడు. మొదటిరోజు ఫారంలో "ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు" అన్నచోట "సేఫ్టీ" అని రాశాడు. మంచి విద్యార్థి. ఒక్క క్లాసూ మానలేదు, చేతివేగం బాగుంది. నేను అందరి ముందూ మెచ్చుకున్నాను కూడా.

నాలుగో నెలలో ఆన్‌లైన్‌లో మడత కరాంబిట్ కొన్నాడు. ఇది సుమత్రాలో మినాంగ్‌కబావుల చేతికత్తి: కొడవలిలా వంపు తిరిగిన చిన్న బ్లేడు, పిడి చివర వేలు దూరే ఉంగరం. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. అదే దాని ప్రమాదం. మొదట గదిలో అద్దం ముందు సాధన, తర్వాత బైకు డిక్కీలో, ఆ తర్వాత లాప్‌టాప్ బ్యాగు ముందు జేబులో. "బ్యాగులో ఉంటే ధైర్యంగా ఉండేది మాస్టారూ, రెండు వారాలయ్యాక ఉన్న సంగతే మర్చిపోయాను" అన్నాడు తర్వాత. ఆ రోజు బైకు సర్వీసింగ్‌కు ఇచ్చి మెట్రో ఎక్కబోయాడు. ఎక్స్‌రే మెషిన్ మర్చిపోలేదు.

స్టేషన్‌లో

నేను పోలీస్ స్టేషన్‌కు చేరేసరికి ఎనిమిదైంది. నాతో పాటు నా పాత శిష్యుడు, క్రిమినల్ లాయరు, కూడా వచ్చాడు. మా వాడు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, గట్టిగా అరవలేదు. కానీ జరగాల్సిన నష్టం మేం రాకముందే జరిగిపోయింది.

"ఎందుకు పెట్టుకున్నావు?" అని అడిగితే ఇతను నిజాయితీగా చెప్పేశాడు: "సెల్ఫ్ డిఫెన్స్ కోసం సార్. నేను మార్షల్ ఆర్ట్స్ నేర్చుకుంటున్నాను. కత్తి వాడటం వచ్చు." ఈ మూడు ముక్కలూ తనను కాపాడతాయని అనుకున్నాడు. లాయరు విని నుదురు కొట్టుకున్నాడు.

ఎందుకంటే 1959 ఆయుధాల చట్టం 2వ సెక్షన్‌లో "ఆయుధం" అంటే ఏమిటో చెప్పినచోట, దాడికి గాని రక్షణకు గాని ఆయుధంగా తయారుచేసిన లేదా మార్చిన వస్తువు అని ఉంటుంది. దాడి, రక్షణ రెండూ ఒకే వాక్యంలో, ఒకే బరువుతో. కేవలం ఇంటి పనికో, వ్యవసాయానికో తయారైనవాటిని, మామూలు చేతికర్ర లాంటివాటిని మాత్రమే బయట పెట్టారు. అంటే "రక్షణ కోసం" అన్న మాట చట్టం నుంచి తప్పించే తలుపు కాదు, లోపలికి తీసుకెళ్లే తలుపు. మార్షల్ ఆర్ట్స్ వాళ్లలో నూటికి తొంభైమందికి ఈ సంగతి తెలియదు. నాకూ ఆ రాత్రి దాకా ఇంత స్పష్టంగా తెలియదు.

ఎస్సై ప్లాస్టిక్ స్కేలు తెప్పించి కొలిచాడు. బ్లేడు వంపుగా ఉండటంతో తిన్నగా కొలవాలా, వంపు వెంట కొలవాలా అని కాసేపు చర్చ. ఎలా కొలిచినా మూడంగుళాల్లోపే. ఒక కానిస్టేబుల్ దాన్ని తిప్పి చూసి "కోడికత్తా సార్ ఇది?" అన్నాడు. ఎస్సై నవ్వలేదు. నావైపు తిరిగి, "లైసెన్సు ఉండాల్సిన సైజు కాదు, నాకు తెలుసు. కానీ ఇది ఉల్లిపాయలు కోసేదైతే కాదు కదా మాస్టారూ" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఈ సైజు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మా క్లాసుల్లో సగం సందేహాలు ఇక్కడే పుడతాయి.

తొమ్మిది అంగుళాల కథ

"తొమ్మిదంగుళాల లోపు కత్తి లీగల్" అని జిమ్ముల్లో, గ్రూపుల్లో ఒక మాట తిరుగుతూ ఉంటుంది. అది సగమే నిజం. 2016 ఆయుధాల నిబంధనల షెడ్యూల్‌లో ఐదో కేటగిరీ ఒకటుంది. అందులో తుపాకులు కాని ఆయుధాలు వస్తాయి: ఖడ్గాలు, బాకులు, బల్లేలు, కృపాణాలు, కుక్రీలు, చాకులు, బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్నవి. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమ అవసరాల కోసం చేసినవి ఇందులోకి రావు. చట్టంలోని 4వ సెక్షన్ కింద నోటిఫై చేసిన ప్రాంతంలో ఇలాంటివి లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకుంటే జైలు ఉంటుంది.

మరి 9 కంటే తక్కువైతే? లైసెన్సు గొడవ లేదు, అంతే. "తీసుకెళ్లవచ్చు" అని ఎవరూ అనలేదు. మెట్రోకు దాని నిబంధనలు దానివి. విమానంలో కేబిన్‌లోకి రానివ్వరు, చెక్-ఇన్ సామాన్లలో వేసుకోవాలి. పండగలు, ఊరేగింపులు, ఎన్నికల వేళ పోలీసు కమిషనర్లు ఆయుధాలు పట్టుకుని తిరగొద్దని ఉత్తర్వులిస్తారు. జిల్లాల్లోనైతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163 సెక్షన్ కింద నిషేధాజ్ఞలు వస్తాయి (పాత లెక్కలో 144, జనం నోట ఇప్పటికీ అదే). మా వాడు దొరికింది సరిగ్గా నిమజ్జనం బందోబస్తులో. పైగా రాష్ట్రం మారితే కొలతే మారిపోతుంది. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఒకటి బటన్‌తోనో స్ప్రింగ్‌తోనో తెరుచుకునే చాకులకు 7.62 సెంటీమీటర్ల దగ్గరే గీత గీసింది. అంటే మూడంగుళాలు.

విదేశాలకు వెళ్లే పిల్లలు కూడా అడుగుతుంటారు. బ్రిటన్ వెళ్లే ఒక శిష్యురాలికి చెప్పిందే ఇక్కడా చెబుతాను. అక్కడ 1988 చట్టం ప్రకారం లాక్ పడని, మూడంగుళాల లోపు మడత చాకు తప్ప మిగతా ఏ కత్తికైనా "సరైన కారణం" చూపించాలి. ఆత్మరక్షణ ఆ కారణాల్లోకి రాదు. టెక్సస్‌లో అయితే కథ అడ్డం తిరుగుతుంది: 2017 నుంచి పెద్దవాళ్లు కత్తి పట్టుకు తిరగడానికి అడ్డంకులు చాలా తక్కువ, అయిదున్నర అంగుళాలు దాటితే స్కూళ్ల లాంటి కొన్ని చోట్లకు మాత్రం తేకూడదు. ఒకే కత్తి, ఒకే మనిషి, విమానం దిగిన చోటును బట్టి మర్యాదస్తుడో నేరస్తుడో అవుతాడు.

"మరి సిక్కులకు ఉంది కదా సార్?" అనేవాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. వాళ్లకు కృపాణం ధరించే హక్కు రాజ్యాంగం 25వ అధికరణ వివరణలోనే రాసి ఉంది. నీకు బ్లాక్ బెల్టు ఉందని ఏ అధికరణలోనూ రాసిలేదు.

ఆ రాత్రి ఎలా ముగిసింది

మొదట బైండోవర్ చేస్తామన్నారు, అంటే మెజిస్ట్రేటు ముందు పెట్టి సత్ప్రవర్తనకు బాండు రాయించుకోవడం. లాయరు ఓపిగ్గా మాట్లాడాడు. పాత కేసులేమీ లేవు, గొడవ జరగలేదు, కత్తి బ్యాగులోంచి బయటకు తీసినవాడు కూడా కాదు. చివరికి పంచనామా రాసి కత్తి స్వాధీనం చేసుకున్నారు, హామీ పత్రం రాయించుకున్నారు. రాత్రి పదకొండున్నరకు నా పూచీ మీద వదిలారు. కేసు కాలేదు.

కేసు కాలేదని చెప్పడానికి ఒక్క లైను చాలు, కానీ ఆ తర్వాతి ఆరు వారాలు అతను నిద్రపోలేదు. కంపెనీలో ఆన్‌సైట్ మాట నడుస్తోంది, పాస్‌పోర్టు రెన్యువల్ పెట్టాలి, పోలీస్ వెరిఫికేషన్‌లో ఏం వస్తుందో అని ఒకటే టెన్షన్. మర్నాడు ఉదయం నెల్లూరు బస్సు దిగిన తండ్రి నేరుగా నా దగ్గరికొచ్చాడు. చెప్పులు విప్పి, హాలు గోడకున్న కర్రలూ అల్యూమినియం కత్తులూ ఒక్కొక్కటీ చూశాడు. "ఏంది మాస్టారూ, భయం పోవాలని మీ కాడికొస్తే బిడ్డ చేతికి కత్తి ఎట్లా వచ్చె?" అన్నాడు.

నేను ఇవ్వలేదండీ అనబోయి ఆగిపోయాను.

ఎక్కడ తప్పు జరిగింది

ఆ వారమంతా నా క్లాసులను మనసులో వెనక్కి తిప్పి చూసుకున్నాను. మూడు సంగతులు దొరికాయి. మూడోదే అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది.

మొదటిది, చట్టం గురించి అయిదు నెలల్లో ఒక్క మాట కూడా చెప్పలేదు. రెండోది, ట్రైనింగ్ కత్తులు. అసలుదానిలా మెరిసే అల్యూమినియం కత్తులను మొదటి నెల నుంచే చేతికిచ్చాను. రబ్బరుదైతే పిల్లలు ఆటవస్తువులా చూస్తారని నా వాదన. ఫలితం ఏమైందంటే, ఆ బరువూ ఆ మెరుపూ చేతికి అలవాటై, అసలుది కొనడం పెద్ద అడుగులా అనిపించలేదు.

మూడోది, నేను క్లాసులో తరచూ అనే మాట: "కత్తి ముందు ఉత్త చేతులు ఎప్పుడూ ఓడిపోతాయి." ఇది నిజం. ఎదుటివాడి దగ్గర కత్తి ఉంటే హీరోయిజం వద్దు, పారిపో అని చెప్పడానికి అంటాను. కానీ నైట్ షిఫ్ట్ నుంచి ఒంటరిగా వచ్చే కుర్రాడికి అది ఎలా వినబడుతుంది? "అయితే నా దగ్గరా ఒకటి ఉండాలి" అని. నా వాక్యంలో రెండో సగాన్ని అతనే పూరించుకున్నాడు. దాన్ని పూరించాల్సింది నేను.

బనియన్ మీద సెక్షన్లు

రెండు వారాలు అతన్ని క్లాసుకు రావద్దన్నాను. తర్వాత ఒక ఆదివారం డాబా మీదకి పిలిచాను. లాయరు కూడా వచ్చాడు. నేనూ అతనూ కొత్త తెల్ల బనియన్లు వేసుకున్నాం. రబ్బరు కత్తులకు అంచు వెంట మా ఆవిడ పాత లిప్‌స్టిక్ రుద్దాను. ఇది మా విద్యలో పాత ఉపాయమే, మార్కరుతోనో సుద్దతోనో చేస్తారు. తగిలిన చోట గీత పడుతుంది, "తగల్లేదు" అని బుకాయించడం కుదరదు.

నీళ్ల ట్యాంకు నుంచి పిట్టగోడకు మా డాబా 22 అడుగులు. 1983లో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ రాసిన లెక్క మా రంగంలో అందరికీ తెలిసిందే: 21 అడుగుల దూరంలోని మనిషి పరిగెత్తుకొస్తే ఒకటిన్నర సెకనులో మీదపడతాడు. అతను పిట్టగోడ దగ్గర, రబ్బరు కత్తి లాప్‌టాప్ బ్యాగు ముందు జేబులో, జిప్పు వేసి. సరిగ్గా నిజంలో ఎలా ఉండేదో అలాగే. నేను ట్యాంకు దగ్గర. పదిసార్లు చేశాం.

పదిలో ఏడుసార్లు అతని చెయ్యి జిప్పు మీదే ఉంది. ఒకసారైతే జిప్పు లైనింగులో ఇరుక్కుంది, నేను పొట్ట మీద నాలుగు గీతలు గీసి పక్కకు జరిగేదాకా దాంతోనే పెనుగులాడుతున్నాడు. మూడుసార్లు కత్తి బయటికొచ్చింది. ఆ మూడుసార్లూ అతను నన్ను గీశాడు, కానీ అప్పటికే అతని బనియన్ మీద నా గీతలున్నాయి.

తర్వాత ఇంకో పదిసార్లు, కత్తి లేకుండా. బ్యాగును డాలులా అడ్డుపెట్టడం, నా మీదకు విసిరి మెట్ల వైపు పరుగు. అందులోనూ గీతలు పడ్డాయి. అబద్ధం చెప్పను, రెండుసార్లు బాగానే తగిలాయి. కానీ ఆరుసార్లు మెట్ల తలుపు దాటాడు. చెయ్యి జిప్పు కోసం వెతకనప్పుడు కాళ్లు పనిచేస్తాయి.

అప్పుడు లాయరు కుర్చీ ముందుకు లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, నా బనియన్ చూడటం మొదలుపెట్టాడు. అతను నన్ను గీసిన గీతలు. జేబులోంచి బాల్‌పెన్ను తీసి ఒక్కో గీత పక్కన భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) సెక్షన్ నంబరు రాశాడు.

భుజం మీదున్న చిన్న గీత పక్కన 118(1). "పొడిచే, కోసే సాధనంతో గాయం. మూడేళ్ల దాకా." పక్కటెముకల కింద అడ్డంగా ఉన్నదాని పక్కన 118(2). "ఇది లోతుగా దిగి తీవ్ర గాయమైతే కనీసం ఏడాది, పైన యావజ్జీవం దాకా." మెడ కింద కాలరు ఎముక దగ్గర ఎర్రగా, అన్నిటికంటే అందంగా పడిన గీత ఒకటి ఉంది. నేను నేర్పిన కోణమే అది. దాని పక్కన 109 అని రాసి, పెన్ను మూత పెట్టాడు. "హత్యాయత్నం. నువ్వు నిజంగా బాగా నేర్చుకున్నావు తమ్ముడూ."

అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. "వాడే ముందు నా మీదకొస్తే? ఆత్మరక్షణ హక్కు ఉంది కదన్నా?"

ఉంది. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా అదే. లాయరు చెప్పింది నాకు గుర్తున్నంత వరకు ఇది: ప్రాణం మీదకొచ్చిందన్న న్యాయమైన భయం ఉంటే ప్రాణం తీసేదాకా హక్కు వెళుతుంది. కానీ 37వ సెక్షన్ ఒక తాడు కట్టింది. అవసరానికి మించి హాని చేయకూడదు, పోలీసు సాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు. నీ ఫోన్ కథే తీసుకో. లాక్కుని పోవడం 304 కింద స్నాచింగ్, దొంగతనంలో ఒక రకం. పట్టుకో, తొయ్యి, కేక వెయ్యి, ఫోన్ లాక్కో. దానికి మెడ మీద గీత పెడితే మాత్రం, "వాడి చేతిలో ఏదో మెరిసింది" అన్న మాట ఒక్కటే నీకు మిగిలేది. ఆ మెరిసింది కీచైన్ అని తేలితే? అప్పుడు ప్రాసిక్యూటరు అడిగేది ఒకటే. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే కత్తి పెట్టుకుని, అయిదు నెలలు దాన్ని వాడటం సాధన చేసి వచ్చినవాడివి నువ్వా, వాడా?

ఈ చివరి ముక్క మార్షల్ ఆర్ట్స్ నేర్చుకున్నవాళ్లు ప్రత్యేకంగా వినాలి. మామూలు మనిషి చేతికి దొరికిన స్క్రూడ్రైవర్‌తో భయంలో పొడిస్తే కోర్టు ఒకలా చూసే అవకాశముంది. సర్టిఫికెట్లు గోడకు తగిలించుకున్నవాడు "భయంలో ఏం చేశానో తెలియదు" అంటే నమ్మించడం కష్టం.

క్లాసులో మార్చినవి

అల్యూమినియం కత్తులు బీరువాలోకి పోయాయి. మొదటి ఏడాది నీలిరంగు రబ్బరువే. మొదటి క్లాసులో అరగంట చట్టం, ఆ తర్వాతే చెప్పులు విప్పి లోపలికి. ట్రైనింగ్ సామాను తీసుకెళ్లాల్సి వస్తే జిప్పున్న వేరే సంచిలో, తాళం వేసి, బండి డిక్కీలో, ఇంటి నుంచి హాలుకు, హాలు నుంచి ఇంటికి. మధ్యలో సినిమా, టిఫిన్ సెంటర్ ఏవీ లేవు. క్లబ్బు లెటర్‌హెడ్ మీద ఒక కాగితం ఇస్తున్నాను. అది లైసెన్సు కాదని ఆ కాగితం మీదే రాశాను. చెకింగ్‌లో ఆపితే మాటలు కాస్త మెత్తగా మొదలవుతాయి, అంతకుమించి ఉపయోగం లేదు.

"కత్తి ముందు ఉత్త చేతులు ఓడిపోతాయి" అని ఇప్పటికీ అంటాను. వెంటనే అందరినీ మెట్ల వైపు పరిగెత్తిస్తాను.

ఎనిమిది నెలల తర్వాత

పాస్‌పోర్టు వచ్చింది. షిఫ్టు మారింది. క్లాసు మానలేదు, వేగం అలాగే ఉంది. అంతా సర్దుకుందని రాసి ముగించేవాణ్నే గానీ, పోయిన నెల ఇంకొకటి జరిగింది.

హాజరు పుస్తకంలో సంతకం పెట్టడానికి పెన్ను లేదు. అతని చొక్కా జేబులో నల్లగా, బరువుగా ఒక పెన్ను కనిపిస్తే చెయ్యి చాచాను. ఒక్క క్షణం తటపటాయించి ఇచ్చాడు. లోహపు పెన్ను, ఒక చివర కూసుగా. టాక్టికల్ పెన్ అంటారు, పద్దెనిమిది వందలట. "పెన్నే కదా మాస్టారూ, మెట్రోలో కూడా ఏమీ అనలేదు" అన్నాడు, నేనేమీ అడగకముందే.

సంతకం పెట్టబోతే గీత పడలేదు. మళ్లీ రుద్దాను, పడలేదు. తిప్పి చూస్తే, కొత్త రిఫిల్ మొనకు ఫ్యాక్టరీలో అంటించే మైనపు చుక్క అలాగే ఉంది.